గండాంకం నాలుగు

గుండె ఆసుపత్రిలో సహదేవుడనే యంత్రాన్ని ప్రారంభించిన రోజున కొబ్బరికాయ కొట్టింది సూర్యాచారే. కంప్యూటరు తెర మీద బొట్టు పెడితే పాడవుతుందని ఇంజినీర్లు కంగారుపడితే, పక్కనున్న నల్లపెట్టెకు పసుపు రాసి కుంకుమ అద్దాడు. "తెరకైతేనేం, పెట్టెకైతేనేం, దణ్ణం ఒకటేలెండి" అని నవ్వి, చెంపలు వేసుకుని పక్కకు తప్పుకున్నాడు.

కొమ్మోజు సూర్యాచారి ఆ ఆసుపత్రి రికార్డు గదికి పెద్ద. గోదావరి ఒడ్డున, పడవల రేవుకు దగ్గరలో ఉన్న ఆ ఆసుపత్రికి నది మధ్యనున్న లంక గ్రామాల నుంచి గుండె జబ్బువాళ్ళు వస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా వచ్చిన ప్రతి రోగి కాగితాలూ చివరికి అతని బల్ల మీదకు చేరవలసిందే. వాటిని వరసగా సర్ది, చివరి గడి నింపి, దారంతో కుట్టి అరలో పెట్టేవాడు. కంసాలి ఇంట పుట్టిన చెయ్యి. అక్షరాలు చెక్కినట్టు ఉండేవి.

ఆ అక్షరాలను చదివే యంత్రం వచ్చింది. పద్నాలుగు నెలలపాటు అతను అరలన్నీ ఖాళీ చేసి, కట్టలు విప్పి, ఒక్కొక్క కాగితాన్నీ దానికి చూపించాడు. రోగి వచ్చినప్పుడు నాడి ఎలా ఉంది, రక్తపోటు ఎంత, కాళ్ళు వాచాయా, పడుకుంటే ఆయాసమా అన్నది ముందు పుటల్లో చూసేది. చివరికి ఏమైందన్నది ఆఖరి గడిలో చూసేది. ఈ మొదటికీ ఆ చివరికీ ఉన్న ముడిని ఎవరూ చెప్పకుండా తనంతట తానే పట్టుకునేది. ఇప్పుడు కొత్త రోగి పరీక్షలన్నీ దానిలోకి వెళ్ళగానే తెర మీద ఒక అంకె వస్తుంది. దాన్ని గండాంకం అంటారు. నూటికి ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రమాదం, ఎర్ర రంగు. ఎంత చిన్నదైతే అంత క్షేమం, పచ్చ రంగు. అత్యవసర వార్డులో ఉన్నవి పద్నాలుగు మంచాలు. వచ్చేవాళ్ళు రోజుకు నలభైమంది. ఎవరికి మంచం, ఎవరికి మందుచీటీ అన్నది ఇకమీదట ఆ అంకె చెబుతుంది.

పాండవుల్లో సహదేవుడికి జరగబోయేది తెలుసునని, అడిగితేనే చెబుతాడని పెద్దలు చెప్పుకునే మాట. అందుకే నిర్వాహకురాలు దమయంతి గారు యంత్రానికి ఆ పేరు పెట్టారు.

ఆఖరి గడి గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. లంకల్లో మనిషి ఊపిరి సొంత ఇంట్లోనే పోవాలని పట్టింపు. బయట పోయిన మనిషిని గడప దాటించి లోపలికి తేనివ్వరు, వీధిలోనే పడుకోబెడతారు. శవాన్ని రేవు దాటించడానికి పడవవాళ్ళు ఒప్పుకోరు. అందుకని డాక్టరు పెదవి విరిచాడంటే చాలు, ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరి "తీసుకెళ్ళిపోతామండి" అనేవారు. ఆసుపత్రి పెట్టిన పెద్ద డాక్టరు గారు మెత్తని మనిషి. ఎవరినీ ఆపేవారు కాదు. కాగితంలో ఆ గడికి మూడు మాటలే ఉండేవి. ఉపశమనంతో ఇంటికి, డాక్టరు మాట వినక ఇంటికి, మరణం. రెండోది రాస్తే ఆ కుటుంబం జీవితాంతం ఊళ్ళో మాట పడాలి, చేజేతులా చంపుకున్నారని. మూడోది రాస్తే పడవ ఎక్కనివ్వరు. సూర్యాచారి మొదటిదే రాసేవాడు. కొందరు రేవు చేరకముందే, కొందరు లిఫ్టు దిగకముందే కన్నుమూసేవారని అతనికి తెలుసు. బల్లమీది రాములవారి పటం వైపు చూసి "ఇంటికే కదా వెళ్ళారు తండ్రీ, అబద్ధమేముంది" అనుకునేవాడు. ఆపరేషను బల్ల మీద పోయినవాళ్ళ లెక్క థియేటరు వాళ్ళే రాసి పంపేవారు. అక్కడ మరణం అని స్పష్టంగా ఉండేది.

అరలో కట్టకట్టిన కాగితాన్ని మళ్ళీ విప్పి చదివేవాడెవడు? ఆ ముప్పై ఒక్క ఏళ్ళూ ఆ దయ వల్ల ఎవరికీ కీడు జరగలేదు.

సహదేవుడు వచ్చిన అయిదో నెలలో ఒక ఉదయం, వార్డులో పెద్ద నర్సు ఎస్తేరమ్మ టీగ్లాసుతో రికార్డు గదికి వచ్చింది.

"ఆచారిగారూ, మన శవాల గదిలో ఐసుపెట్టె ఖాళీగా పడుంటందండీ. మల్లెపూలు దాచుకోవచ్చు."

"ఛ ఛ, పొద్దున్నే అవేం మాటలు సిస్టరుగారూ!"

"ఆయ్, ఉన్న మాటే కదండీ. నెలకి పాతికమంది పోయేవోరు. ఇప్పుడు పదిమంది కూడా లేరు. దమయంతమ్మగారికి ఢిల్లీలో శాలువా కప్పుతారంట. ఇంకో పదిహేడు ఆసుపత్రులు మన సహదేవుడే కావాలని కూచున్నాయంట." ఆమె టీ ఒక గుక్క తాగి గ్లాసులోకి చూసింది. "నాకో సంగతి మాత్రం బోధపడదండీ. పచ్చరంగొచ్చి ఇంటికెళ్ళినోళ్ళు మళ్ళీ చూపించుకోడానికి రారేంటండీ?"

"బాగైనవాడికి ఆసుపత్రితో ఏం పని?"

"అంతేలెండి" అంది ఎస్తేరమ్మ. గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయింది. సూర్యాచారి ఆ రోజు వచ్చిన కాగితాలకు ముద్ర వేయడంలో పడ్డాడు. ఇప్పుడు ఆఖరి గడిని కూడా సహదేవుడే నింపేస్తున్నాడు. అతని వంతు ముద్ర ఒక్కటే.

సూర్యాచారికి ఒక్కతే కూతురు, హైమవతి. అల్లుడు సరుకుల ఓడలో పని. సముద్రం మీద ఉన్నాడు. పిల్ల పురిటికి పుట్టింటికి వచ్చి, ఆడపిల్లను కని ముప్పై ఎనిమిది రోజులైంది. పది రోజులుగా పాదాలు వాస్తున్నాయి.

"బాలింతకి నీరు పట్టడం మామూలే" అని తల్లి సత్యవేణి వెల్లుల్లి కారం వేసి పథ్యం పెట్టింది, ఉప్పు తగ్గించింది, మంచినీళ్ళు కొలిచి ఇచ్చింది. పిల్ల పడుకుంటే ఊపిరాడటం లేదని గోడకు మూడు దిళ్ళు వేసుకుని కూర్చునే నిద్రపోయేది. "పాలిచ్చే పిల్లకి నిద్రెక్కడిదండీ" అంది సత్యవేణి. సూర్యాచారి కూడా అలాగే అనుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా గుండె రోగుల కాగితాల్లో 'పడుకుంటే ఆయాసం' అన్న మాటను ఎన్ని వందలసార్లు చదివాడో! తన ఇంట్లో ఆ మాట విన్నప్పుడు అది కాగితంలోని మాట అని తట్టలేదు.

బుధవారం ఉదయం పెరట్లో స్నానం చేసి మూడు మెట్లెక్కిన హైమవతి, నాలుగో అడుగు వేయలేక గడపలోనే కూలబడింది. పెదవులు నేరేడు పండు తిన్నట్టు అయ్యాయి. "నాన్నా, కాళ్ళు నావి కానట్టున్నాయి" అంది. చేతులు పట్టుకుంటే మంచుముక్కలు.

ఆటోలో గుండె ఆసుపత్రికి తెచ్చారు. అత్యవసర వార్డు డాక్టరు ఫణీంద్ర చిన్నవాడు, ముప్పై దాటలేదు. హైమవతి గుండెను స్కానింగు తెర మీద రెండుసార్లు చూశాడు.

"ఆచారిగారూ, గుండె కండ బాగా నీరసించిపోయింది. కాన్పు తర్వాత కొందరికి ఇలా వస్తుంది. వెంటనే లోపల పెట్టి మందెక్కించాలి. అరవై దాటుతుంది చూడండి" అంటూ వివరాలన్నీ సహదేవుడికి పంపాడు.

తెర పచ్చబడింది. గండాంకం నాలుగు.

ఫణీంద్ర కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పంపాడు. మళ్ళీ నాలుగే.

"నాలుగంటే మంచిదే కదా బాబూ?" అన్నాడు సూర్యాచారి.

"మంచిదే... కానీ నాకు చూస్తే..."

"మీకు అనిపించింది పెద్దదా, లక్ష కాగితాలు చదివినవాడు చెప్పింది పెద్దదా?"

ఫణీంద్ర తలెత్తి అతన్ని చూశాడు. సహదేవుడు వద్దన్నవాళ్ళకు మంచం ఇచ్చి, కారణం రాసివ్వలేక, రెండు నెలల్లో రెండు మెమోలు పుచ్చుకున్నాడా డాక్టరు. మూడోదానికి ఉద్యోగం పోతుందని ఆసుపత్రి అంతటికీ తెలుసు. రోగి తండ్రే ఆ అంకెను నమ్ముతుంటే అతనికి మాత్రం ఏం పట్టింది? "అలా అయితే మాత్రలు రాస్తాను. సాయంత్రం దాకా ఇక్కడ బెంచీ మీద కూర్చోబెట్టి, తర్వాత తీసుకెళ్ళండి" అన్నాడు.

సత్యవేణి కళ్ళనీళ్ళతో ఆ నల్లపెట్టె ఉన్న గది వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "స్వామి ఏ రూపంలో వస్తాడో ఎవరికి తెలుసండీ" అంది.

సూర్యాచారి తేలికపడిన మనసుతో రికార్డు గదికి వెళ్ళాడు. ఒక అంకె ఏ పాత రోగులను చూసి వచ్చిందో సహదేవుణ్ణి అడిగితే పేర్లు చూపిస్తాడు. ఆ వీలు రికార్డు గదికే ఉంది. ఇలాంటి జబ్బుతో వచ్చి బాగుపడి వెళ్ళినవాళ్ళ పేర్లు రెండు మూడు సత్యవేణికి చెబితే ఆమెకు ధైర్యంగా ఉంటుందని, కూతురి సంఖ్య కొట్టి అడిగాడు.

పదకొండు పేర్లు వచ్చాయి. అందరూ పాతికేళ్ళలోపు బాలింతలు. అందరికీ వాచిన కాళ్ళు, చల్లని చేతులు, పడుకుంటే ఆయాసం. అందరి ఆఖరి గడిలోనూ ఒకటే మాట. ఆ మాట రాసిన చెయ్యి కూడా ఒకటే.

పేసల మంగాయమ్మ, పల్లపులంక. పేరు చూడగానే పసుపు చీర గుర్తొచ్చింది. స్ట్రెచరు మీద తీసుకువెళ్తుంటే ఆ పిల్ల రవికె పాలతో తడిసి ఉంది, ఊపిరి లేదు. రెండో పేరు, కొప్పిశెట్టి రాఘవమ్మ. పడవవాడికి అనుమానం రాకుండా తండ్రి ఆమెను నిద్రపోతున్న పిల్లలా భుజం మీద వేసుకుని, "తలొంచుకోమ్మా, ఎండ" అని మాట్లాడుతూ రేవు దిగాడు. మూడో పేరు చదివాడు. నాలుగో పేరు చదివాడు. అయిదో పేరు దగ్గర అతని చూపు తెరను దాటి ఎటో వెళ్ళిపోయింది. పదకొండుమందిలో గోదావరి అవతలి ఒడ్డు చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మర్నాటి పొద్దు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

యంత్రం అబద్ధమాడలేదు. అతను నేర్పిందే నేర్చుకుంది. ఇంకా కొట్టుమిట్టాడుతున్నవాళ్ళు ఆపరేషను బల్ల మీద పోయారు కాబట్టి వాళ్ళకు గండం ఎక్కువ. పూర్తిగా ఆశ వదులుకున్నవాళ్ళందరూ ఉపశమనంతో ఇంటికి వెళ్ళారు కాబట్టి వాళ్ళకు ఏ గండమూ లేదు. మనిషి చావుకు ఎంత దగ్గరైతే అంత పచ్చగా కనిపిస్తాడు దానికి.

ఎస్తేరమ్మ ప్రశ్నకు జవాబు అప్పుడు తెలిసింది. పచ్చరంగు వచ్చినవాళ్ళు మళ్ళీ ఎందుకు రాలేదో. వాళ్ళ చీటీలన్నిటి మీదా ముద్ర వేసింది తనే. అయిదు నెలలు.

దమయంతి గారి గదికి అతను పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. ఆమె యాభై ఏళ్ళ మనిషి. ఎప్పుడూ గొంతు పెంచదు. ముందు అతనికి మంచినీళ్ళు తెప్పించి, తాగాక చెప్పమంది. అతను చెప్పాడు. పడవవాళ్ళ దగ్గరనుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె అతని చేతివేళ్ళను చూస్తూ కూర్చుంది.

"మొత్తం ఎన్ని కాగితాల్లో అలా రాశారు?"

"లెక్కపెట్టలేదమ్మా. ఏడాదికి రెండు మూడు వందలుండచ్చు."

"ముప్పై ఒక్క ఏళ్ళు." ఆమె కలం మూత పెట్టింది. "ఆచారిగారూ, ఈ సంగతి ఇంకెవరికి చెప్పారు?"

"ఎవరికీ లేదమ్మా. నేరుగా మీ దగ్గరికే వచ్చాను. అమ్మా, ముందు పిల్లకి మంచం ఇప్పించండి. తర్వాత ఆ పెట్టెని ఆపించండి. నేను రాసిస్తాను, తప్పు నాదేనని. జైలుకి పంపినా సరే."

"మీరు జైలుకి వెళితే ఎవరు బాగుపడతారు చెప్పండి?" ఆమె మాటలో కోపం లేదు. ఉంటే అతనికి కొంత బాగుండేది. "వచ్చే నెల పదిహేడు ఆసుపత్రుల్లో పెడుతున్నాం. ఈరోజు ఆపేశామంటే, ఈ అయిదు నెలల్లో పచ్చరంగుతో వెళ్ళినవాళ్ళ ఇంటింటికీ పోలీసులు వెళ్తారు. ఇంజినీర్లతో మాట్లాడి మెల్లగా సరిచేయిస్తాను. ఆరు నెలలు పడుతుంది. ఎవరికీ తెలియకుండానే సరిపోతుంది."

"ఆరు నెలలా! ఈలోగా వచ్చేవాళ్ళో?"

"సహదేవుడు రాకముందు కూడా పోయేవాళ్ళే కదా వాళ్ళు. మీరే చెప్పారు."

"కొందరు బతికేవారమ్మా! లోపల పెట్టి మందెక్కిస్తే కొందరు బతికేవారు."

ఆమె కిటికీలోంచి రేవు వైపు చూసింది. "చైర్మను గారి పేరు మీద రెండు మంచాలు ఉన్నాయి. వాటి సంగతి సహదేవుడికి తెలియదు. వాటికి ఏ రోజుకారోజు నేను సంతకం పెట్టాలి, సాయంత్రం నాలుగింటికి. మీ అమ్మాయికి ఎన్ని రోజులు కావాలి?"

"డాక్టరుగారు... వారం పది రోజులంటారు."

"పది రోజులు పెడతాను. మీరు రాసివ్వాలనుకున్నది రాయకండి. మీ నోటితో కూడా ఎవరితోనూ అనకండి. మీరు అన్న రోజున నాలుగింటికి నేను ఊళ్ళో ఉండను." ఆమె చిన్నగా తలవంచింది, పెద్దవాళ్ళ దగ్గర మాట తీసుకునేటప్పుడు వంచినట్టు. "నన్ను రాక్షసి అనుకోకండి. నాకూ కూతురుంది."

సూర్యాచారి లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. ఆ నమస్కారం ఆమెకు పెట్టాడో, ఆమె వెనక గోడ మీదున్న వెంకటేశ్వరస్వామికి పెట్టాడో అతనికే తెలియలేదు. "అలాగేనమ్మా" అన్నాడు.

పదిహేను నిమిషాల్లో హైమవతి లోపలి మంచం మీద ఉంది. ఫణీంద్ర సూది గుచ్చి మందు ఎక్కించాడు.

మొదటిరోజు ఆమె కళ్ళు తెరవలేదు. రెండోరోజు ఒంట్లో చేరిన నీరంతా దిగి, పాదాల ఎముకలు కనిపించాయి. మూడోరోజు వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. సత్యవేణి వరండాలో పసిపిల్లను ఒళ్ళో వేసుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతోంది, మా ఆయన ముప్పై ఏళ్ళ పుణ్యం మా పిల్లని కాచిందని. సూర్యాచారి ఆ మాట విని రికార్డు గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకున్నాడు. పొద్దున పూజకు కూర్చుంటే పేర్లు వస్తున్నాయి. అష్టోత్తరం మొదలుపెడితే రెండో నామం దగ్గరే పల్లపులంక, పసుపు చీర. 'నేను దయతో రాసింది నీకూ తెలుసు కదా స్వామీ. నా దయ నాకే ఎందుకు అర్థం కాలేదు?' అని అడిగాడు. దేవుడు అడిగినా చెప్పడు.

నాలుగోరోజు మధ్యాహ్నం మూడున్నరకు కిటికీ దగ్గర ఎవరో దగ్గారు. ఇంటికి వెళ్ళేవాళ్ళు చీటీ మీద ముద్ర వేయించుకునే కిటికీ అది. గళ్ళ తువ్వాలు భుజాన వేసుకున్న లంక రైతు, అతని భార్య. వెనక బెంచీ మీద ఒక చిన్నవయసు బాలింత, ఒళ్ళో పసిగుడ్డు.

"ఆయ్, దణ్ణమండి. నా పేరు పోశియ్యండి. మా అమ్మాయి లోవకుమారండి. మిషను పచ్చరంగు ఏసిందండి. అంకె మూడేనంటండి! సెయ్యేసి ముద్రకొట్టేత్తే నాలుగున్నర పడవకి ఎల్లిపోతామండి."

సూర్యాచారి చీటీ అందుకున్నాడు. కిటికీలోంచి పిల్లను చూశాడు. కాళ్ళు కిందకు వేలాడేసి, బెంచీ అంచు పట్టుకుని, ముందుకు వంగి కూర్చుంది. పట్టీలు వాచిన మడమల్లోకి దిగిపోయి ఉన్నాయి.

"పడుకుంటే ఆయాసం వస్తోందా అమ్మా?"

పిల్ల నవ్వింది, దొరికిపోయినట్టు. మాట్లాడటానికి ఊపిరి చాలక తల ఊపింది.

"బాలింతలకి నీరట్టడం మామూలే కదండీ" అంది తల్లి సూరమ్మ.

"చూడు పోశియ్యా" అన్నాడు సూర్యాచారి గొంతు తగ్గించి. "ఎందుకైనా మంచిది, ఇంకో ఆసుపత్రిలో కూడా ఓసారి..."

పోశియ్య ఫక్కున నవ్వాడు. "భలేవోరండీ! ఇంతకంటే పెద్దాసుపత్రి ఎక్కడుందండీ? గుండెల సంగతి దేవుడికన్నా మీ మిషనుకే బాగా తెలుసని ఊరంతా సెప్పుకుంటంటేనూ!" నవ్వు ఆగాక అతను కిటికీకి దగ్గరగా వచ్చాడు. ముఖం మారింది. "అయితే మాత్రం నాకు లోపల ఎక్కడో పీకుతానే ఉందండి. సదువు లేనోణ్ణి. మీరు పెద్దోరు. నుదుట బొట్టు పెట్టుకున్నోరు. మీ సొంత బిడ్డయితే తీసుకెళ్తారాండీ? ఆ మాటొక్కటి మీ నోటితో సెప్పండి, ఎల్లిపోతాను."

వరండా చివర గడియారం మూడు నలభై చూపిస్తోంది. దమయంతి గారి గది తలుపు తెరిచే ఉంది. ఎస్తేరమ్మ మందుల పళ్ళెంతో వెళుతూ వెళుతూ ఆగింది. ఆమె లోవకుమారి కాళ్ళను చూసింది, తర్వాత సూర్యాచారిని చూసింది.

"తీసుకెళ్తాను" అన్నాడు సూర్యాచారి.

అని ముద్ర వేశాడు. సిరా చాలక సగమే పడితే, రెండోసారి నొక్కి వేశాడు.

"సల్లగుండాలండి మీరు" అంది సూరమ్మ. గంపలోంచి ఒక అత్తం చక్రకేళీ అరటిపళ్ళు తీసి కిటికీ చువ్వల్లోంచి లోపలికి తోసింది. "మా తోటలోయండి. మీ అమ్మాయిగారు కూడా బాలింతేనంట కదా, లోపలున్నారంట కదా. మా కూతురికి తగ్గినట్టే మీ బిడ్డకీ తగ్గాలని లోవతల్లికి మొక్కుకుంటానండి."

అతను వద్దనలేకపోయాడు. పోశియ్య కూతుర్ని రెండు చేతులమీద ఎత్తుకున్నాడు. సూరమ్మ పసిగుడ్డును అందుకుంది. తండ్రి భుజం మీద తల ఆనించిన పిల్ల, కిటికీ దాటుతూ సూర్యాచారికి చెయ్యెత్తి చిన్నగా దణ్ణం పెట్టింది. రేవు వైపు మెట్లు దిగేదాకా వాళ్ళు కనిపించారు. తర్వాత పోశియ్య మాటలు మాత్రం కాసేపు వినిపించాయి, ఇంటికెళ్ళగానే పాయసం వండిస్తానని.

నాలుగింటికి దమయంతి గారి సంతకం వచ్చింది.

సూర్యాచారి పళ్ళు చేత్తో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే లోపలి వార్డుకు వెళ్ళాడు. హైమవతి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖంలోకి నెత్తురు వచ్చింది.

"నాన్నా, ఆకలేస్తోంది" అంది. పద్నాలుగు రోజుల్లో ఆ మాట అనడం అదే మొదటిసారి. చెయ్యి చాచి అతని చేతిలోంచి తనే ఒక పండు తుంచుకుని, ఒలుచుకుని, రెండు ముక్కల్లో తినేసింది. ఇంకోటి అందుకుంది.

"ఎంత తియ్యగా ఉన్నాయో! ఎక్కడివి నాన్నా?"

"ఎవరో లంకవాళ్ళు ఇచ్చారమ్మా."

"పాపం, మంచివాళ్ళు" అంది హైమవతి, మూడో పండు ఒలుస్తూ. "నువ్వూ తిను నాన్నా." సగం విరిచి అతని నోటికి అందించింది. కూతురి చెయ్యి వెచ్చగా ఉంది. అతను నోరు తెరిచాడు.